మామిడి మాను మీద గాయం

వనస్థలిపురం,
హైదరాబాద్.

ప్రియమైన రాఘవా,

మీ పెరటి మామిడి మొక్కకు బెరడు పగిలిందనీ, పురుగుల మందు కొట్టాలా అనీ అడిగావు. ముందు మా బంగినపల్లి సంగతి విను, మందు తర్వాత కొందువుగాని.

మూడేళ్ల ఆ మొక్కకు మోకాలెత్తున బెరడు నిలువునా చీలి జానెడు మేర నల్లబడటం మొన్న జూన్‌లో గమనించాను. కాండం తొలిచే పురుగే అనుకున్నాను కానీ, అది చేరితే రంధ్రమూ, దాని కింద రంపపు పొట్టూ కనిపించాలి. ఎంత వెతికినా రెండూ దొరకలేదు. బెరడు తినే పురుగైతే కొమ్మల పంగల్లో పొట్టు కలిసిన గూడు అల్లుతుంది, అదీ లేదు. చెదల మట్టి లేదు, ఉడుత పళ్ల గాట్లు లేవు. మా ఆవిడ గడ్డి కోసే మిషన్ కుర్రవాడిని అనుమానించింది గానీ, పాపం, ఆ దెబ్బ నేలకు బెత్తెడు ఎత్తులోనే తగులుతుంది కదా.

గుట్టు విప్పింది దిక్కు. గాయమంతా పడమటి వైపే ఉంది, తూర్పు వైపు బెరడు నున్నగా ఉంది. నర్సరీలో పక్క మొక్కల నీడన పెరిగినదాన్ని తెచ్చి, నీడే లేని చోట నాటి, పైగా అందం కోసం కింది కొమ్మలన్నీ నేనే కత్తిరించాను. 40 డిగ్రీలు దాటే మన సాయంకాలపు ఎండకు లేత బెరడు మాడక ఏమవుతుంది?

చీలిక అంచున గోటితో గీరి చూశాను: పచ్చగా, తడిగా ఉంటే ప్రాణమున్నట్టు, గోధుమరంగులో పొడిగా ఉంటే పోయినట్టు. దారంతో కొలిస్తే చుట్టుకొలతలో మూడో వంతు పోయింది. ఆకులు వండిన ఆహారం వేళ్లకు దిగేది బెరడు లోపలి పొరలోంచే కాబట్టి, గాయం చుట్టూ తిరిగితే వేళ్లు పస్తుండి చెట్టు చస్తుంది. ఒక పక్కనే అయితే తట్టుకుంటుంది. అందుకని వేలాడుతున్న బెరడు మాత్రం కత్తితో తీసేసి, మానుకు సున్నం పూసి, పడమటి వైపు గోనెపట్టా కట్టాను. పక్కింటి పెద్దాయన పేడ మెత్తమన్నారు గానీ మెత్తలేదు. ఇప్పుడు అంచులు ఉబ్బి లోపలికి మూసుకుంటున్నాయి. మాడిన చోటే పురుగు చేరుతుంది కనుక పొట్టు రాలుతోందేమోనని వారానికొకసారి చూస్తున్నాను.

నీ మొక్కకు బంక కారుతుంటే తెగులు కావచ్చు. అప్పుడు మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్), సున్నం చెరి 100 గ్రాములు లీటరు నీటిలో, ప్లాస్టిక్ బకెట్లోనే కలిపి పూయి. గాయం ఉంగరంలా చుట్టూ ఉంటే మాత్రం తాడు బిగిసి కోసుకుపోయిందేమో, ఊతకర్రకు కట్టిన ఆ తాడు వెంటనే కోసెయ్యి. మానును నాలుగు దిక్కుల నుంచీ ఫొటోలు తీసి, ఏది పడమరో రాసి పంపు.

నీ
శ్రీను