కలుగు, బుంగ, గండి: అన్నీ రంధ్రాలేనా?

సంపాదకులు గారికి నమస్కారం.

ఇటీవల మీ పత్రికలో చెరువు కట్టల దుస్థితిపై వచ్చిన వార్తలో "కట్టకు రంధ్రం పడి నీరు వృథాగా పోతోంది" అన్న వాక్యం చదివాను. వార్త అవసరమైనదే, రాసిన విలేకరి శ్రద్ధనూ తప్పుపట్టను. అయితే ఆ వాక్యం చదివిన రైతుకు ప్రమాదం ఎంత దగ్గరికి వచ్చిందో మాత్రం తెలియదు. కట్టలో ఎలుకో ఎండ్రకాయో తవ్వుకున్నది కలుగు. ఆ కలుగు వెంట నీరు చొరబడి, మట్టిని కొంచెం కొంచెంగా కోసుకుంటూ కట్టకు అవతలి వైపున బయటపడితే అది బుంగ. బుంగ పెద్దదై, పైనున్న మట్టి కుంగి, కట్ట తెగిపోతే అది గండి. ఇక పొలాలకు నీరు వదలడానికి మనిషి కావాలని కట్టుకున్న దారి తూము. కలుగైతే తీరిక చూసుకుని పూడ్చుకోవచ్చు, బుంగైతే ఆ రాత్రికి రాత్రే ఇసుక బస్తాలు మోయాలి, గండి పడితే దిగువ ఊళ్లవారిని లేపి పంపించాలి. కట్ట వెనుక నుంచి వచ్చే నీరు తేటగా ఉందా, బురదగా ఉందా అని ముందు చూడమని తెలిసినవారు చెప్పేదీ ఇందుకే. తేట నీరు ఒట్టి ఊట కావచ్చు, మట్టి కలిసిన నీరు వస్తోందంటే కట్ట లోలోపల కరిగిపోతున్నదన్నమాట. ఇంత సమాచారాన్ని ఒక్క మాటలో మోసే బుంగను పక్కన పెట్టి రంధ్రం అని రాయడం వల్ల మనం పోగొట్టుకుంటున్నది చిన్నదేమీ కాదు.

నన్ను మరీ ఆలోచింపజేసిన సంగతి ఇంకొకటి ఉంది. ఇవే మాటలు రాజకీయ వార్తల శీర్షికల్లో చక్కగా బతికి ఉన్నాయి. ఖజానాకు చిల్లు, ఆదాయానికి గండి, చట్టానికి తూట్లు అని రోజూ చదువుతూనే ఉన్నాం, అవి పడవలసిన చోటే పడుతున్నాయి కూడా. చిల్లు నుంచి ఉన్నది తెలియకుండా కారిపోతుంది, గండి పడితే ఒక్కసారిగా కొట్టుకుపోతుంది, తూట్లు ఎవరో పొడిస్తేనే పడతాయి. శీర్షిక రాసేవారికి ఇంత సూక్ష్మమైన తేడా తెలిసినప్పుడు, నిజంగా గోడకు కన్నం వేసిన దొంగ గురించి "గోడకు రంధ్రం చేసి లోనికి ప్రవేశించాడు" అని ఎందుకు రాయవలసి వస్తోందో నాకు అర్థం కాదు.

ఇంట్లోని ఒక్క పాత చొక్కాను చేతిలోకి తీసుకుని చూడండి. గుండీ పట్టేందుకు దర్జీ కోసి, అంచు చుట్టూ దారంతో బిగించినది కాజా. మేకుకు తగులుకుని బారుగా తెగినది చిరుగు. పెట్టెలో పురుగు కొరికినది చిల్లు. వాటిని కుట్టబోయే సూదికి ఉన్నది బెజ్జం. మొన్న మా మనవరాలి చేత సూదిలోకి దారం ఎక్కిస్తూ "బెజ్జం వెలుతురు వైపు తిప్పి చూడమ్మా" అన్నాను. ఆ పిల్ల సూదిని పైకెత్తి, ఒక కన్ను మూసి, "బెజ్జం అంటే హోలేనా తాతయ్యా?" అని అడిగింది. తప్పు ఆ పిల్లది కాదు. పాఠంలోనూ పత్రికలోనూ కనబడని మాట ఎనిమిదేళ్ల పిల్లకు ఎక్కడ దొరుకుతుంది?

ఈ మాటల మధ్య గోడ కట్టినట్టు హద్దులు ఉన్నాయని నేను అనడం లేదు. చిల్లు అంటే పాడై పడినదనే అనుకుంటాం, కానీ 1943 నుంచి 1947 వరకు ముద్రించిన కాణీ నాణేనికి నడుమ చిల్లును టంకశాలే కావాలని వేసింది, జనం దాన్ని చిల్లుకాణీ అనే పిలిచారు. ప్రాంతాన్ని బట్టి కూడా మాట మారుతుంది. కోస్తాలో బొక్క అంటే చిల్లు, తెలంగాణలో బొక్క అంటే ఎముక, అక్కడ చిల్లుకు పొక్క అన్న మాట ఉంది. అందువల్ల ఒకే మాటను అందరి మీదా రుద్దమని కోరడం నా ఉద్దేశం కాదు.

రంధ్రం మీద నాకు ద్వేషమూ లేదు. ఆకుల్లోని పత్రరంధ్రాలకు, చర్మం మీది స్వేదరంధ్రాలకు ఆ మాటే సరిపోతుంది, అక్కడ శాస్త్రానికి ఒక స్థిరమైన పేరు కావాలి. ఓజోన్ విషయంలో మాత్రం, 1985లో అంటార్కిటికా మీద గమనించినట్టు ప్రకటించినది పొర బాగా పలచబడడమే గనుక, రంధ్రం అన్నా చిల్లు అన్నా పక్కనే ఆ వివరణ ఒక్క వాక్యంలో ఇవ్వడం మంచిది.

భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లోనే వ్యవసాయ వృత్తి పదకోశాన్ని వెలువరించింది. రైతుల నోటి మాటను ప్రాంతాలవారీగా సేకరించి చేసిన పని అది. అటువంటి పుస్తకం ఒకటి మీ వార్తా విభాగంలో చేతికందే చోట ఉంచాలని, కట్ట మీద నిలబడి సమాచారం ఇచ్చిన మనిషి బుంగ అంటే బుంగ అనే, పొక్క అంటే పొక్క అనే అచ్చువేయాలని, దాన్ని రంధ్రంగా దిద్దవద్దని మీ ఉపసంపాదకులకు చెప్పవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు