సమాధుల తోట బాగుకు, భూస్థాపన నిధికి విరాళాల విజ్ఞప్తి

ప్రభువైన యేసుక్రీస్తు నామంలో సంఘ సభ్యులకు, మన సంఘాన్ని ప్రేమించే మిత్రులందరికీ సంఘ కమిటీ వందనాలు తెలియజేస్తోంది.

కొంతకాలం క్రితం మన సమాధుల తోటలో ఒక తల్లి భూస్థాపన జరిగింది. కాపరి గారు వాక్యం తెరిచి సిద్ధంగా ఉన్నారు గానీ పెద్ద కుమారుడు కనిపించలేదు. వెతికితే, గేటు అవతల గోడవార నిలబడి, గుంత తవ్వినవారికి, పెట్టె చేసినవారికి ఇవ్వవలసిన డబ్బును మడతలు విప్పి లెక్కపెట్టుకుంటున్నాడు. అది చాలలేదు. ఇద్దరు ముగ్గురు జేబులు తడుముకుని సర్దాక గానీ ప్రార్థన మొదలు కాలేదు. తప్పు ఆ కుమారుడిది కాదు, ముందుగా వెళ్లి అడగని కమిటీది అని ఒప్పుకుంటూ ఈ విజ్ఞప్తిని మీ ముందుంచుతున్నాం.

మనిషి ఆయుష్షు 70 ఏళ్లు, బలముంటే 80 ఏళ్లు అని 90వ కీర్తన చెబుతుంది. మోషే చేసిన ప్రార్థనగా పేరున్న ఆ కీర్తనలో మరిన్ని ఏళ్ల కోసం వేడుకోలు లేదు, ఉన్న దినాలను లెక్కించుకునే జ్ఞానం కోసం ఉంది. కాసేపు కనబడి మాయమయ్యే ఆవిరితో యాకోబు తన పత్రికలో మన జీవితాన్ని పోల్చాడు. ఈ మాటలు ప్రతి భూస్థాపనలోనూ వింటాం, ఇంటికి వచ్చి పదేళ్ల తర్వాతి సంగతులు మాట్లాడుకుంటాం. అయితే వాక్యం అక్కడితో ఆగలేదు. బేతనియలో యేసు స్నేహితుడు లాజరు సమాధిలో ఉండి అప్పటికి నాలుగు రోజులు. అతణ్ణి లేపబోతున్నానని తెలిసి కూడా యేసు కన్నీళ్లు విడిచాడు. అందుకే దుఃఖించడం అవిశ్వాసమని మన సంఘంలో ఎవరూ ఎవరితోనూ అనకూడదు. పౌలు కూడా థెస్సలొనీకయులను దుఃఖపడవద్దని ఊరుకోలేదు, నిరీక్షణ లేనివారిలా దుఃఖపడవద్దన్నాడు. మన తెలుగు బైబిలులోని ఈ ‘నిరీక్షణ’ అనే మాటలో ఎదురుచూడడం కూడా ఉంది. ఎవరైనా వస్తారేమోనన్న ఆశ వేరు, వస్తానని మాట ఇచ్చినవాని కోసం వాకిట నిలబడడం వేరు. క్రీస్తు నిద్రించినవారిలో ప్రథమఫలంగా లేచాడని కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 15వ అధ్యాయం చెబుతుంది. మొదటి పన, అంటే ముందుగా కోసిన కట్ట, చేతికి వచ్చిందంటే చేనులో మిగిలిన పంట కోతకు వస్తుందని అర్థం.

ఆ నమ్మకం ఉన్నవారు కనుకనే తొలి క్రైస్తవులు చనిపోయినవారి దేహాన్ని చులకనగా చూడలేదు. వారు సమాధి స్థలాన్ని గ్రీకు భాషలో ‘నిద్రించే చోటు’ అని పిలిచారు, ఇంగ్లీషులోని సిమెట్రీ ఆ మాట నుంచే వచ్చింది. 2వ శతాబ్దం చివర ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజులో తెర్తుల్లియను అనే క్రైస్తవ రచయిత రాసినదాన్ని బట్టి, విశ్వాసులు నెలకొకసారి, ఇష్టమైతేనే, శక్తి ఉన్నంతే కానుక వేసేవారు. ఆ సొమ్ము బీదల పోషణకు, వారి భూస్థాపనకు ఖర్చయ్యేది. 4వ శతాబ్దంలో క్రైస్తవ్యాన్ని వ్యతిరేకించిన రోమా చక్రవర్తి జూలియన్ సైతం, ఆ మతం పెరగడానికి సమాధుల పట్ల వారు చూపే శ్రద్ధ ఒక కారణమని రాశాడు. మనల్ని మెచ్చుకోవాలన్న ఉద్దేశం ఏమాత్రం లేనివాడి మాట కనుక దానికి బరువెక్కువ.

మీ విరాళాలతో సమాధుల తోట ప్రహరీలో కూలిన భాగాన్ని కట్టించి, వానలో వృద్ధులు కూర్చోవడానికి ఒక చిన్న రేకుల పందిరి వేయించాలనుకుంటున్నాం. రంగు కడుక్కుపోయి పేరు కనబడని కొయ్య సిలువలున్న చోట రాతి ఫలకాలు పెట్టిస్తాం. మిగిలినదంతా భూస్థాపన నిధికి చేరుతుంది. అవసరమైన కుటుంబానికి గుంత, పెట్టె, వాహనం ఖర్చులను కమిటీయే నేరుగా చెల్లిస్తుంది. ఆ కుటుంబం దరఖాస్తు పెట్టనక్కరలేదు, వారి పేరు బయటికి రాదు. దాతల పేర్లతో శిలాఫలకం వేయించాలన్న సూచన కూడా వచ్చింది గానీ, ఆ తోటలో రాతి మీద పేర్లు అక్కడ నిద్రిస్తున్నవారివే ఉండాలని నిర్ణయించాం.

ఇచ్చినంత మాత్రాన నిత్యజీవం రాదు, అది కృపవల్ల కలిగేది. తనకున్న రెండు కాసులూ కానుకగా వేసిన బీద విధవరాలి వృత్తాంతాన్ని విరాళాల కోసం వాడుకోవడం కూడా మాకు ఇష్టం లేదు. ప్రభువు ఆమెను మెచ్చుకున్నాడు గానీ ఆమె దగ్గరకు వెళ్లి అడగలేదు. అప్పుల్లో ఉన్నవారు దయచేసి ఇవ్వవద్దు. గోడ పనికి ఒక పూట వచ్చి చేయి వేసినా చాలు. విరాళాన్ని కోశాధికారి గారికి అందజేసి రశీదు తప్పక తీసుకోండి. ఈ సొమ్ము ప్రత్యేక ఖాతాలో ఉంటుంది, ఇద్దరు సంఘ పెద్దల సంతకాలు లేకుండా తీయడం కుదరదు, మూడు నెలలకొకసారి ఆరాధన తర్వాత లెక్క చదివి వినిపిస్తాం.

మీ వారి సమాధి మీద పేరు చెరిగిపోయి ఉంటే, వారి పూర్తి పేరు, పుట్టిన తేదీ, ప్రభువునందు నిద్రించిన తేదీ విడి అక్షరాలతో రాసి కార్యదర్శి గారికి ఇవ్వండి. రాయి చెక్కకముందే ఆ కాగితాన్ని మరోసారి మీకు చూపించి మీ సంతకం తీసుకుంటాం.

ఇట్లు,
సంఘ కమిటీ