వార్షిక నివేదిక 2024-25: ఇంట్లో జబ్బు మనిషిని చూసుకునేవారి కోసం మన కాలనీ సంఘం చేసిన పని

గౌరవ సభ్యులకు నమస్కారం.

ఏటా ఈ నివేదిక మోరీలతో మొదలై వీధి దీపాలతో ముగుస్తుంది. ఈసారి వాటిని చివరికి నెట్టాను, ఏమనుకోకండి.

కారణం పోయిన ఏడాది సర్వసభ్య సమావేశం. గుర్తుందా, లెక్కలు చదువుతుంటే వెనక వరుసలో ఒక అక్క లేచి నిలబడ్డారు. "గేటుకు రంగులేస్తరు, వినాయకుణ్ణి పెడ్తరు. మూడేండ్ల నుంచి నేను ఇల్లు దాటలే. ఇక్కడ ఎవరికన్నా ఎరుకేనా?" అన్నారు. ఆమె భర్తకు పక్షవాతం. ఆ రోజు కూడా పక్కింటి పాపను కాపలా పెట్టి అరగంట కోసం వచ్చారట. ఎవరం నోరెత్తలేదు.

కమిటీ ఆ వారమే ఇల్లిల్లూ తిరిగింది. మంచం పట్టినవారు, మతిమరుపు ముదిరినవారు, పుట్టుకతో వైకల్యం ఉన్న పిల్లలు, అంతా కలిపి 14 ఇళ్లు తేలాయి. అందులో 11 ఇళ్లలో చూసుకునేది ఆడవాళ్లే. చాలామంది కొడుకులు హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉన్నారు. డబ్బు పంపుతారు, వీడియో కాల్ చేస్తారు. పక్క తిప్పడానికి మాత్రం ఇక్కడ మనిషి కావాలి.

మొదట మేం అందరూ చేసేదే చేశాం, నంబర్ల కాగితం అచ్చువేసి పంచాం. పెద్దవాళ్ల సమస్యలకు 14567, ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకు. మనసు బాగా లేకపోతే టెలిమానస్ 14416, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడతారు. వికలాంగుల పింఛను 4,016 రూపాయలకు అప్పట్లో సదరం (వైకల్య ధ్రువీకరణ) సర్టిఫికెట్ కావాల్సి ఉండేది, దానికి మీసేవలో స్లాట్ బుక్ చేసుకునేవారు, వైకల్యం 40 శాతమైనా ఉండాలి. ఇలా రెండు పేజీలు. నెల తర్వాత అడిగితే ఆ కాగితం వాడుకున్నది ఇద్దరే. సదరం క్యాంపుకైనా, కలెక్టరేట్‌కైనా, ఎంజీఎం ఆసుపత్రికైనా పోవాలంటే ముందు ఇంట్లో మనిషిని ఎవరికో అప్పజెప్పాలి కదా. అప్పజెప్పడానికి ఎవరూ లేరనేగా ఆ అక్క మమ్మల్ని నిలదీసింది! కార్యదర్శిగా ఈ తెలివితక్కువతనం నాదే.

అప్పుడు మొదలైంది రెండు గంటల తోడు. వారానికోసారి ఇద్దరు సభ్యులు ఒక ఇంటికి వెళ్లి కూర్చుంటారు, ఇంటావిడ బయటికి వెళ్లొస్తారు. వినడానికి సులువుగానే ఉంది. మొదటి మూడు వారాలు ఆ అక్క అడుగు బయట పెట్టలేదు. మనవాళ్లు వెళ్లగానే చాయ్ పెట్టడం, సర్వపిండి చేయడం, "ఇంకొంచెం వేసుకోండి" అనడం. చుట్టాలొచ్చినట్టయింది, ఉన్న పనికి ఇంకో పని తోడైంది. నాలుగో వారం కమిటీ తీర్మానం చేసింది: తోడుకు వెళ్లినవాళ్లు ఆ ఇంట్లో మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టకూడదు. తీర్మానాల పుస్తకంలో ఇంత పనికొచ్చింది ఇంకోటి లేదు. ఆ ఆదివారం ఆమె చెప్పులేసుకున్నారు. ఎక్కడికెళ్లారనుకున్నారు? కళ్ల డాక్టర్ దగ్గరికి. కుడి కంట్లో పొర వచ్చి ఏడాది దాటిందట, మందు సీసాల మీద అక్షరాలు అందాజాగా చదువుతున్నారట.

ఒక తప్పు కూడా జరిగింది, దాచను. పక్షవాతం వచ్చినవారిలో కొందరికి మింగడం సరిగా రాదు. పడుకున్న మనిషి దాహమంటే మన సభ్యుడొకరు ప్రేమగా గ్లాసుతో నీళ్లు పట్టారు. పొలమారి, ఊపిరాడక, చూస్తున్నవాళ్ల ప్రాణాలు పోయినంత పనైంది. దేవుడి దయవల్ల ఏమీ కాలేదు. తర్వాత ఒక ఫిజియోథెరపిస్టును పిలిచి ఒక పూట నేర్చుకున్నాం: లేపి కూర్చోబెట్టి, గడ్డం కాస్త కిందికి వంచి, చెంచాతో పట్టాలి. రెండు గంటలకోసారి పక్క తిప్పకపోతే నడుము దగ్గర, మడమల దగ్గర పుండ్లు పడతాయి. మందులు, ముక్కు గొట్టం జోలికి మనం పోకూడదు. ఇప్పుడు ప్రతి ఇంట్లో మంచం పక్క గోడకు ఆ మనిషిని ఎలా చూసుకోవాలో ఆ ఇంటివాళ్లు రాసిన కాగితం ఉంటుంది.

రైల్వేలో చేసి రిటైరై కాజీపేట నుంచి మన దగ్గరికి మారిన సార్‌ది వేరే కథ. ఆయన భార్యకు మతిమరుపు. పొద్దుగూకగానే "మా ఊరికి పోత, అవ్వ ఎదురుచూస్తది" అని సంచి సర్దుతుంది. ఆ అవ్వ, అంటే ఆమె తల్లి, పోయి నలభై ఏళ్లయిందని చెబితే ప్రతిసారీ కొత్తగా ఏడుస్తుంది. తోడుకు వెళ్లే మన అక్కలు ఆ మాట చెప్పడం మానేశారు. "పోదాం పా" అని సంచి పట్టుకుని వీధి చివరి వేపచెట్టు దాకా నడిపించి, "బస్సు పోయిందట, రేపు పోదాం" అని తీసుకొస్తారు. ఆ రెండు గంటలూ సార్ నిద్రపోతారు.

బయట నుంచి ఏం దొరికిందంటే, దొరికింది తక్కువే. ఆరోగ్యశ్రీ పరిమితి 10 లక్షలైంది, మంచిదే, కానీ ఇంటికొచ్చాక చూసుకునే మనిషి జీతం అందులో లేదు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో సంరక్షకుల భత్యం మాట ఉంది, మన కాలనీలో ఒక్కరి చేతికీ రాలేదు. సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కాళ్లూ చేతులూ స్వాధీనంలో లేని వైకల్యం) ఉన్న అబ్బాయి తల్లికి మాత్రం మేలు జరిగింది. కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ ఆరోగ్య బీమా ఏడాదికి లక్ష రూపాయల వరకు వస్తుంది, కాగితాలు పెట్టించాం. కొడుక్కి 18 నిండాక తల్లిదండ్రులైనా సరే చట్టపరమైన సంరక్షకులుగా నియామకం పొందాలని, దానికి కలెక్టర్ అధ్యక్షతన స్థానిక కమిటీ ఉంటుందని ఆమెకే కాదు, మాకూ అప్పుడే తెలిసింది.

ఆయాల విషయంలో జాగ్రత్త. ఒక ఏజెన్సీకి మన సభ్యులొకరు రెండు నెలల జీతం ముందే కట్టారు. వచ్చినామె నాలుగో రోజు ఊరికెళ్లి తిరిగి రాలేదు, డబ్బూ రాలేదు. వారం వారం ఇవ్వండి, ఆధార్ జిరాక్స్ తీసుకోండి.

అటకల మీదున్న వీల్‌చైర్లు, వాకర్లు, రోగుల మంచాలు, ఎయిర్ బెడ్లు పోగుచేసి గేటు పక్క గదిలో పెట్టాం. పోయినవాళ్ల మంచమని మొదట ఎవరూ ముట్టలేదు. డెటాల్‌తో కడిగి, రంగేయించి, మా అమ్మకే ముందు వాడాను. తర్వాత ఆ మంచానికి గిరాకీ తగ్గలేదు.

సద్దుల బతుకమ్మ నాడు తోడుకెళ్లే ఆడవాళ్లంతా ఆటకు పోతారు, ఎలాగా అని టెన్షన్ పడ్డాం. ఆరుగురు మగవాళ్లు ముందుకొచ్చి ఆరిళ్లలో కూర్చున్నారు. ఆ అక్క మూడేళ్ల తర్వాత తంగేడు పూలతో బతుకమ్మ పేర్చుకుని వచ్చారు. నర్సంపేట నుంచి ఆమె బిడ్డ కూడా జీరో టికెట్ (ఆడవాళ్లకు ఉచిత బస్సు) మీద దిగింది.

మోరీలు రెండో వీధి వరకు పూర్తయ్యాయి, మూడో వీధి మిగిలింది. దీపాలన్నీ వెలుగుతున్నాయి. జమాఖర్చులు కోశాధికారి చదువుతారు.

తోడుకు బుధవారం సాయంత్రం ఇంకా ఇద్దరు తక్కువున్నారు, పేర్లు నాకు ఇవ్వండి. కమోడ్ కుర్చీ ఒకటి ఖాళీగా ఉంది, కావలసినవారు వాచ్‌మన్ దగ్గర సంతకం పెట్టి తీసుకెళ్లవచ్చు.

ఇట్లు,
కార్యదర్శి
కాలనీ సంక్షేమ సంఘం, హనుమకొండ