అమ్మకు చదివి వినిపించు

డాలస్

అక్కా,

మొన్న ఫోన్‌లో అమ్మ నాలుగుసార్లు అడిగింది, "ఆరు నెలలు సెలవు ఇస్తారు కదే?" అని. ఇవ్వరంటే నమ్మలేదు. ఏదో దాస్తున్నానని టెన్షన్ పడింది. అందుకే నీకు రాస్తున్నాను. నువ్వు నెమ్మదిగా చదివి వినిపించు.

జీతంతో ప్రసూతి సెలవు ఇవ్వాలని అమెరికా మొత్తానికీ వర్తించే చట్టం లేదు. ఉన్నది 1993 నాటి చట్టం. 12 వారాలు సెలవు పెట్టుకోవచ్చు, ఉద్యోగం పోదు, జీతం రాదు. అది కూడా 50 మందైనా ఉన్న కంపెనీలకే. మా ఆఫీసులో 32 మందిమి.

ఈ 50 ఎక్కడిదా అని నిద్ర పట్టని రాత్రుల్లో కూర్చుని చదివాను. 1985లో పాట్ ష్రోడర్ అనే కాంగ్రెస్ సభ్యురాలు మొదట తెచ్చిన బిల్లులో 18 వారాలున్నాయి, అదీ జీతం లేకుండానే. వ్యాపార సంఘాలు ససేమిరా అన్నాయి. ఓట్లు కూడగట్టడానికి వారాలు తగ్గించారు, చిన్న కంపెనీలను వదిలేశారు. ఇంత తగ్గినా అధ్యక్షుడు పెద్ద బుష్ 1990లో, 1992లో వీటో చేశారు. క్లింటన్ వచ్చాక, 1993 ఫిబ్రవరి 5న సంతకం పడింది.

చదువుతుంటే కోపం వచ్చిందక్కా. ఆ బేరంలో వదిలేసిన వాళ్లలో నేనూ ఉన్నాను. కానీ ఎనిమిదేళ్లు పోరాడినవాళ్లను తప్పుపట్టలేను. పట్టుబట్టి కూర్చుంటే ఆ 12 వారాలూ ఎవరికీ దక్కేవి కావు. నా బాధల్లా, మిగిలింది తర్వాత అడుగుదాం అనుకున్నది ముప్పై ఏళ్లు దాటినా తీరకపోవడం. 2019లో ట్రంప్‌కు అంతరిక్ష దళం కావాల్సి వచ్చింది. దానికి ఒప్పుకుని, అదే రక్షణ బిల్లులో డెమోక్రాట్లు ఫెడరల్ ఉద్యోగులకు 12 వారాల జీతంతో సెలవు సాధించారు. సుమారు 21 లక్షల మంది ఉద్యోగులకు ఆ హక్కు వచ్చింది. అందరికీ ఇద్దామని 2021లో పెట్టిన ప్రతిపాదన 12 వారాల నుంచి నాలుగుకు దిగి, సెనేట్‌లో ఆగిపోయింది.

కాలిఫోర్నియా సంగతి మాత్రం నీకు చెప్పాలి. 2002లో అక్కడ 12 వారాలు, ఖర్చు యజమానీ ఉద్యోగీ చెరిసగం అని మొదలుపెట్టి, చివరికి ఆరు వారాలు, ఖర్చంతా ఉద్యోగులదే అన్న చోట రాజీపడ్డారు. ఓడిపోయినట్టే అనిపించింది నాకు. తర్వాత ఆలోచిస్తే, మగవాళ్లూ ఆడవాళ్లూ అందరి జీతాల్లోంచీ కొంచెం కొంచెం కోసి ఒక నిధిలో వేస్తారు, సెలవులో ఉన్నవాళ్లకు అందులోంచే ఇస్తారు. అంటే కడుపుతో ఉన్న మనిషి జీతం యజమాని నెత్తిన పడదు. మన దగ్గర 2017లో 26 వారాలు చేశారు గానీ, కంపెనీల్లో ఆ డబ్బు చాలావరకు యజమానే ఇవ్వాలి. కొత్తగా పెళ్లైన అమ్మాయిని తీసుకోవడానికి మీ మేనేజర్ వెనకాడుతున్నాడని నువ్వే కదా చెప్పావు? వారాల లెక్క ఒక్కటే చూస్తే మనదే గొప్ప. కానీ ఆ డబ్బు ఎవరిస్తున్నారన్నది కూడా అంతే ముఖ్యమని నాకు ఇప్పుడు అర్థమైంది.

టెక్సస్‌లో ప్రైవేటు ఉద్యోగాలకు అలాంటి నిధి లేదు. నేను దాచుకున్న సెలవులు మూడు వారాలు. జీతం లేకుండా ఇంకో ఐదు వారాలు మా మేనేజర్ ఒప్పుకున్నాడు. కాగితం మీద రాసివ్వమని అడిగాను, ఇచ్చాడు. మొత్తం ఎనిమిది.

కాబట్టి అమ్మ టికెట్ కాన్పుకు ముందు తీయొద్దు. మొదట్లో ఆయనా నేనూ ఎలాగో చూసుకుంటాం. ఏడో వారంలో వచ్చేలా తియ్యి. నేను ఆఫీసుకు వెళ్లేనాటికి బిడ్డకు అమ్మ చేతులు అలవాటై ఉండాలి.

నీ చెల్లి