వండర్‌లా బ్యాచ్‌కి

అందరికీ నమస్తే. దసరా సెలవుల్లో మళ్లీ బెంగళూరు వండర్‌లా అమ్యూజ్‌మెంట్ పార్కుకే! ఈసారి పొద్దున పోయి రాత్రికి తిరిగొచ్చే పని మాత్రం వద్దు. అనంతపురం నుంచి బెంగళూరే 200 కిలోమీటర్లు దాటుతుంది, పార్కేమో ఊరి అవతల మైసూరు రోడ్డులో బిడది దగ్గర. ఆ ట్రాఫిక్‌లోనే సగం ఓపిక అయిపోతుంది. పార్కు పక్కనే వాళ్లదే రిసార్ట్ ఉంది, ఒక రాత్రి ఉందాం.

బయటి తిండి లోపలికి రానివ్వరు. పోయినసారి అక్క చేసిన ఓళిగలు కారులోనే ఉండిపోయాయి, నాకిప్పటికీ బాధే. ఈసారి పెనుకొండ దాటేలోపే తినేద్దాం. రీకాయిల్ రోలర్ కోస్టర్ ఎక్కేముందు మాత్రం కడుపు నిండా తినొద్దు బాబూ, తలకిందులు చేసి మళ్లీ వెనక్కి కూడా లాక్కొస్తుంది. నీళ్ల రైడ్లకు నైలాన్ బట్టలు తెచ్చుకోండి. ఎవరెవరు వస్తున్నారో ఆదివారం లోపు చెప్తే రూములు బుక్ చేస్తా.