బయానా ఇవ్వకు, శనివారం వస్తున్నా

విజయవాడ
గురువారం రాత్రి

అమ్మలూ,

నువ్వు కొంటానంటున్న సెకండ్‌హ్యాండ్ కారుకి వాట్సాప్‌లో పంపిన ఫోటోలన్నీ చూశాను. మీ అమ్మయితే ఆ ఎర్ర తోలు సీట్లు చూసి అప్పుడే కారెక్కి తిరుపతి వెళ్ళిపోయింది. ఫోన్లో చెబుదామంటే "సరే నాన్నా, సరే నాన్నా" అని పెట్టేస్తావు. అందుకని రాస్తున్నా. అల్లుడు గారికి కూడా చూపించు.

2015 బీఎండబ్ల్యూ 320డి, ఢిల్లీ నంబరు, 62 వేల కిలోమీటర్లు, పదకొండున్నర లక్షలు. బాగుంది. అంత చవగ్గా ఎందుకొస్తోందో అడిగావా? ఢిల్లీలో పదేళ్ళు దాటిన డీజిల్ బళ్ళు తిరగకూడదని 2015లో హరిత ట్రిబ్యునల్ చెప్పింది, 2018లో సుప్రీంకోర్టు కూడా అదే మాట ఖాయం చేసింది. 2025లో కోర్టు ఆ పట్టు కాస్త సడలించినా, అప్పట్నుంచి పదేళ్ళు దగ్గరపడిన డీజిల్ కార్లు లారీలెక్కి మన వైపు దిగుతూ వచ్చాయి. అందులో తప్పేం లేదు, మంచి బళ్ళూ ఉంటాయి. కానీ బండి వేరే రాష్ట్రానికి వెళ్ళడానికి అభ్యంతరం లేదని అక్కడి ఆర్టీవో ఇచ్చే ఎన్‌ఓసీ, అంటే ఫారం 28, చేతికి రాకుండా పైసా కదపకు. లోను మీద కొన్న బండైతే, అప్పు తీరిందని చూపించే ఫారం 35 కూడా ఉండాలి. ఇక తెలంగాణలో మళ్ళీ లైఫ్ టాక్స్ కట్టాలి. ఆ లెక్క నీ పదకొండున్నర మీద వెయ్యరు తల్లీ. బండి కొత్తదిగా ఉన్నప్పటి ధర తీసుకుని, దాని వయసు చూసి వేస్తారు. బ్రోకర్ ఈ ముక్క చెప్పి ఉండడు.

కాగితాల్లో నేను ముందు చూసేది ఆర్సీ కాదు, ఇన్సూరెన్సు పాలసీ. బీమా కంపెనీలకి దెబ్బతిన్న బళ్ళు చూసి లెక్కగట్టిన ఇన్నేళ్ళ సర్వేయర్ బుద్ధి మరి. అందులో నో క్లెయిమ్ బోనస్ అని ఒక గడి ఉంటుంది. వరసగా ఐదేళ్ళు క్లెయిమ్ లేకపోతే అది 50 శాతానికి చేరుతుంది, ఆపైన పెరగదు. "ఒకే ఓనరండీ, గీత కూడా పడలేదండీ" అంటున్నవాడి పాలసీలో అక్కడ సున్నా ఉంటే, వాడు ఏం చెబుతాడో కాస్త ఓపిగ్గా విను. ఇంకోటి, ఆ బోనస్ ఓనరుతో పోతుంది, బండితో రాదు. వాడు కట్టే ప్రీమియం చూసి నీ ఖర్చు లెక్కేసుకోకు.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్‌లో నీళ్ళు తీశాక సర్వేకి వెళ్ళాను కదా. ఒక తెల్ల కారు డోరు తీస్తే లోపలి నీళ్ళు నా చెప్పుల మీదుగా పారాయి. గ్లాసు పెట్టుకునే గుంటలో గుప్పెడు బురద. ఇక పనికిరాదని రాసిచ్చాను. నాలుగు నెలల తర్వాత వేరే ఊళ్ళో ఒక యార్డులో అలాంటిదే కనిపించింది. కొత్త మ్యాట్లు, మల్లెపూల సెంటు. ఎందుకో అనుమానం వేసి సీట్ బెల్టు చివరంటా లాగాను. మొదటి రెండడుగులూ నల్లగా నిగనిగలాడింది. లోపల చుట్టుకుని ఉండే భాగం మాత్రం టీ వడగట్టిన గుడ్డలా ఉంది. నా డైరీ తీసి ఛాసిస్ నంబరు కలిపి చూస్తే అదే బండి! కారు మొత్తం కడుగుతారు గానీ బెల్టు చివరంటా లాగి కడిగేవాడు అరుదు. నువ్వు నాలుగు బెల్టులూ లాగి చూడు. సీటు కింద పట్టాల మీద వేలు పెట్టి రుద్ది చూడు, తుప్పు పొడి అంటుతుందేమో.

కిలోమీటర్ల మాటకొస్తే, మీటరు వెనక్కి తిప్పడం ఇప్పుడు ల్యాప్‌టాప్‌తో పని. అయితే ఈ బళ్ళ తాళంచెవిలో కూడా రీడింగు దాగి ఉంటుంది. షోరూంలో ఆ కీ చదివిస్తే తెలుస్తుంది. కంటికి కనిపించే గుర్తులూ ఉన్నాయి. 62 వేలే తిరిగిన బండికి డ్రైవరు సీటు అంచు అంతలా నలిగిందేమిటి? నీ నాలుగో ఫోటో పెద్దది చేసి చూడు.

ఇక మీ అమ్మ ముందు ఎత్తకూడని సంగతి. నువ్వు చిన్నపిల్లగా ఉన్నప్పుడు నేను పాత కాంటెస్సా కొన్నాను, గుర్తుందా? ఆ రోజుల్లో అది దొరల బండి. కొన్న మూడో నెల బెంజ్ సర్కిల్ మధ్యలో ఆగిపోతే నిన్ను ముందు సీట్లో కూర్చోబెట్టి నేనూ ఇద్దరు రిక్షావాళ్ళూ తోశాం. నువ్వు హారన్ కొడుతూనే ఉన్నావు. గేర్‌బాక్సుకి మీ అమ్మ గాజులు వెళ్ళాయి. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదంటారే, అదీ. నలభై లక్షల బండిని నువ్వు పదకొండుకి కొన్నా, విడిభాగాలమ్మేవాడికి అది ఎప్పటికీ నలభై లక్షల బండే. గాలి పోయినా కొంత దూరం నడిచే ఆ రన్‌ఫ్లాట్ టైర్లు నాలుగూ మార్చాలంటే మీ ఫ్లాటు అద్దె రెండు నెలలది వదులుకోవాలి. కొనే డబ్బుకి పక్కన ఇంకో రెండు లక్షలు విడిగా ఉంటేనే దిగు. నన్నడిగితే మన హైదరాబాద్ నంబరుతో, షోరూం సర్వీసు రికార్డు మొత్తం ఉన్న బండి రెండు లక్షలు ఎక్కువైనా అదే మేలు. ఎర్ర సీట్లు లేకపోయినా సరే.

అయినా నీ మనసు దీని మీదే ఉందని తెలుసు. అందుకే శనివారం పొద్దున శాతవాహన ఎక్స్‌ప్రెస్‌కి వస్తున్నా. ఆటోనగర్ నుంచి మన మెకానిక్ మస్తాన్‌ని కూడా తీసుకొస్తాను, స్కానర్‌తో. 2015 నాటి ఈ డీజిల్ ఇంజన్‌కి టైమింగ్ చైన్, అంటే ఇంజన్ వాల్వుల్ని సమయానికి నడిపే గొలుసు, ముందు ఉండదు, గేర్‌బాక్సు వైపు ఉంటుంది. అది అరిగిందంటే గేర్‌బాక్సు దించాలి, ఒక్కోసారి ఇంజనే దించాలి. ఆ అరుగుదల గొలుసు ఈడ్చినట్టు గరగరమని వినిపిస్తుంది, అదీ రాత్రంతా చల్లబడ్డ ఇంజన్ తిప్పిన మొదటి కొన్ని క్షణాలే. వేడెక్కాక చాలాసార్లు సద్దుమణుగుతుంది. మేం వచ్చేదాకా స్టార్ట్ చెయ్యొద్దని అమ్మేవాడికి ఇప్పుడే చెప్పు. వెళ్ళగానే ముందు బానెట్ మీద చెయ్యి పెడతాను. వెచ్చగా తగిలిందా, అక్కడే టీ తాగి వెనక్కి వచ్చేద్దాం.

మీ
నాన్న