వేగం చూపిస్తే చాలదు, కాల్ కలిపి చూపించాలి

సంపాదకులకు,

అయ్యా,

గోదావరి డెల్టాలో చాలా ఇళ్లలో సెల్‌ఫోన్ మోగుతోందంటే అది టవర్ చలవ కాదు, గోడకు తగిలించిన బ్రాడ్‌బ్యాండ్ డబ్బా చలవ, అంటే ఇంటి నెట్ మీదుగా కాల్స్ కలిపే ‘వైఫై కాలింగ్’ చలవ. అందుకే ఒక కంపెనీ కనెక్షన్ మాన్పించి ఇంకో కంపెనీకి మారగానే “నెట్ బ్రహ్మాండంగా వస్తోంది, ఫోనే కలవట్లేదు” అన్న మాట రాజోలు, మలికిపురం, అంబాజీపేట, నరసాపురం ప్రాంతాల్లో తరచూ వినబడుతోంది. కారణం తెలియక కొందరు ఆన్‌లైన్‌లో సిగ్నల్ బూస్టర్లు కొని డాబా మీద బిగిస్తున్నారు. ఆ ఇంటి సంగతి ఎలా ఉన్నా, వీధి మొత్తానికి కాల్స్ తెగుతున్నాయి. కొత్త కనెక్షన్ ఇచ్చేవాళ్లు పది నిమిషాలు వెచ్చిస్తే తప్పిపోయే తలనొప్పి ఇది.

నేలంతా బల్లపరుపు కదా, సిగ్నల్‌కు అడ్డేమిటని బయటివాళ్లు అడుగుతారు. అడ్డు కొండలు కాదు, కొబ్బరి తోటలూ కాంక్రీటు స్లాబులూ. నీరు పట్టిన ఆకులు రేడియో తరంగాలను పీల్చేస్తాయి. ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ ఈ నష్టం ఎక్కువ. 850, 900 మెగాహెర్ట్జ్ తరంగాలు ఎలాగోలా నట్టింటికి చేరినా 1800, 2300 వరండాలోనే ఆగిపోతాయి. ఆండ్రాయిడ్ ఫోన్ సెట్టింగ్స్‌లో అబౌట్ ఫోన్, సిమ్ స్టేటస్ తెరిస్తే సిగ్నల్ బలం డీబీఎంలలో కనబడుతుంది. 4జీలో మైనస్ 90 ఉంటే నిశ్చింత, మైనస్ 110 కంటే కిందికి, అంటే మైనస్ 115 వైపు పడిపోతే కాల్ నిలవడం కష్టం. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 నిబంధనల ప్రకారం కంపెనీలు కవరేజీ పటాలను తమ వెబ్‌సైట్లలో పెట్టాలి. మంచిదే, కానీ ఆ పటంలో రంగు చూసి పడకగదిలో సిగ్నల్ ఉంటుందనుకోకూడదు.

ఈ లోటును తీర్చింది వైఫై కాలింగ్. 2019 డిసెంబరులో ఎయిర్‌టెల్, 2020 జనవరిలో జియో దీన్ని తెచ్చాయి. టవర్ బదులు ఇంటి ఇంటర్నెట్ మీదుగా ఫోన్ తన కంపెనీ సర్వర్‌తో ఐపీసెక్ అనే రహస్య సొరంగం కట్టుకుంటుంది. మాటలు, చాలా ఫోన్లలో ఎస్సెమ్మెస్‌లు కూడా, అందులోంచి వెళతాయి. బ్యాంకు ఓటీపీ ఇంట్లోకి రావడం దీనివల్లే. ఈ సొరంగానికి యూడీపీ 500, 4500 పోర్టులు, అంటే నెట్‌లో సమాచారం దాటే ఆ నంబర్ల ద్వారాలు, తెరిచి ఉండాలి. ఒక కాల్‌కు సెకనుకు 100 కిలోబిట్లు ఉంటే సరిపోతుంది. కాబట్టి కొత్త లైను వేసినవారు 100 ఎంబీపీఎస్ వేగం చూపించి సంతకం పెట్టించుకుంటే కాల్ గురించి తేలేది ఏమీ లేదు.

ముందు లోపం ఎక్కడుందో తేల్చుకోవాలి. ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, ఆ తర్వాత వైఫై ఒక్కటే ఆన్ చేయండి. రెండు నిమిషాల్లో పైన వైఫై కాలింగ్ గుర్తు రావాలి. రాకపోతే సిమ్ సెట్టింగ్స్ చూడండి. రెండు సిమ్‌ల ఫోన్లలో ఈ సదుపాయాన్ని ఏ సిమ్‌కు ఆ సిమ్‌కు విడిగా ఆన్ చేయాలి. ప్రైవేట్ డీఎన్‌ఎస్‌ను ఆటోమేటిక్‌లో ఉంచి, వీపీఎన్ యాప్ ఉంటే ఆపేయాలి. అప్పటికీ గుర్తు రాకపోతే పొరుగింటివారి వైఫైకి కలిపి చూడండి. అక్కడ వస్తే ఫోన్ మంచిదే, తప్పు మీ కొత్త లైనుదో రూటర్‌దో.

రూటర్‌లో మొదట చూడాల్సింది ఫైర్‌వాల్. ‘హై’ స్థాయిలో పెట్టి ఇస్తే పై రెండు పోర్టులూ మూసుకుపోవచ్చు. ‘మీడియం’ చేసి, ఐపీసెక్ పాస్‌త్రూ లేదా వీపీఎన్ పాస్‌త్రూ అన్నది ఆన్‌లో ఉందో లేదో చూడాలి. కాల్ కలిపే ‘సిప్’ సందేశాల్లో రూటర్ వేలు పెట్టే సిప్ ఏఎల్‌జీ సెట్టింగ్‌ను ఆపేస్తే పని అవుతుందని యూట్యూబ్‌లో చాలామంది చెబుతారు. సిప్ సందేశాలు సొరంగం లోపల పోతాయి కాబట్టి రూటర్‌కు అవి కనబడనే కనబడవు, దాన్ని ఆపినా ఒరిగేదేమీ లేదు.

ఎక్కువ ఇళ్లలో అసలు చిక్కు పాత రూటర్‌తో వస్తుంది. కొత్త డబ్బాలోనే రూటర్ ఉన్నా, పాతది మంచిదే కదా అని దాన్నీ వెనక తగిలిస్తారు. రెండింటి చిరునామా 192.168.1.1 అయితే అసలు నెట్టే సరిగా రాదు. చిరునామాలు వేరైనా ప్రతి ప్యాకెట్టూ, అంటే నెట్‌లో వెళ్లే ప్రతి సమాచార పొట్లమూ, రెండుసార్లు చిరునామా మార్చుకుని మారువేషం వేసుకోవాలి. పాతదాన్ని ఉంచుకోవాలంటే, కొత్తది 192.168.1.1 అయితే పాతదాని చిరునామాను 192.168.1.2 చేసి, ఫోన్లకు చిరునామాలు పంచే డీహెచ్‌సీపీని పాతదాంట్లో ఆపేసి, కొత్త డబ్బా నుంచి వచ్చే వైరును పాతదాని వ్యాన్ (బయటి లైను) పోర్టులో కాక ల్యాన్ (ఇంటి పరికరాల) పోర్టులో గుచ్చాలి. వైఫై పేరు, పాస్‌వర్డ్ పాతవే పెట్టుకుంటే ఇంటిల్లిపాది ఫోన్లనూ టీవీనీ మళ్లీ కలుపుకునే పని తప్పుతుంది.

అంతుచిక్కని రకం మరొకటుంది. పీపీపీఓఈ అనే యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ లాగిన్‌తో నడిచే లైనులో ప్యాకెట్ గరిష్ఠ సైజు 1500 బైట్లు కాదు, 1492. ఫోనూ సర్వరూ ఒకదాన్నొకటి గుర్తుపట్టే సందేశాలు సర్టిఫికెట్లతో కలిసి పెద్దవవుతాయి, ముక్కలై వెళతాయి. దారిలో ముక్కలను పారేసే పరికరం ఒక్కటున్నా సొరంగం సగంలోనే ఆగిపోతుంది. ల్యాప్‌టాప్‌లో ‘ముక్కలు చేయొద్దు’ అన్న షరతుతో 1464 బైట్ల పింగ్ (పరీక్ష సందేశం) పంపి చూడండి. దానికి 28 బైట్ల హెడర్ కలిస్తే 1492. అది దాటకపోతే సైజు తగ్గిస్తూ దాటే సంఖ్యను పట్టుకుని, 28 కలిపి రూటర్‌లో ఎంటీయూగా, అంటే ప్యాకెట్ గరిష్ఠ సైజుగా, రాయాలి. 1440, 1400 దాకా తగ్గించినా కాల్ నాణ్యతకు నష్టం లేదు.

బయటికి చేసిన కాల్ కలుస్తూ, కాసేపు ఫోన్ కదిలించకుండా ఉంచాక వచ్చే కాల్ మోగకపోతే కారణం వేరు. చాలామంది వాడకందార్లకు ఒకే పబ్లిక్ ఐపీని (బయటి ఇంటర్నెట్ చిరునామాను) పంచే, కంపెనీ దగ్గరుండే సీజీ-నాట్ పరికరమో, ఇంట్లో రూటరో ఖాళీగా ఉన్న సొరంగాన్ని తొందరగా మరిచిపోతోందన్నమాట. ఫోన్‌లో బ్యాటరీ సేవర్ ఆపి చూడాలి. అయినా మారకపోతే యూడీపీ టైమౌట్ (ఖాళీ సొరంగాన్ని గుర్తుంచుకునే గడువు) పెంచమనో, పబ్లిక్ ఐపీ ఇమ్మనో కంపెనీనే అడగాలి. ఇది ఇంట్లో కూర్చుని చేసుకునే మరమ్మతు కాదు.

ఇక్కడే వాడకందారు చేతులు కట్టేస్తున్నారు. కొత్త డబ్బా అడ్మిన్ పాస్‌వర్డ్ ఇవ్వని కనెక్షన్లే ఎక్కువ. పైన చెప్పిన వాటిలో సగం ఆ పాస్‌వర్డ్ లేనిదే తెరవలేం. మా విన్నపం చిన్నది. కనెక్షన్ అప్పగించే ముందు టెక్నీషియన్ ఫ్లైట్ మోడ్‌లో వైఫై మీద ఒక కాల్ చేసి, ఒక కాల్ రప్పించి, ఒక ఓటీపీ తెప్పించి చూపాలి. టెక్నీషియన్ అరగంట తర్వాత దూరం నుంచే ఆ ఫోన్‌కు ఇంకోసారి కాల్ చేసి, మోగుతోందో లేదో కనుక్కుంటే మరీ మంచిది. ఆ ఫలితాలు పని కాగితం మీద రాశాకే వాడకందారు సంతకం పెట్టాలి. పాస్‌వర్డ్ అడిగినవారికి ఇవ్వాలి.

ఇక బూస్టర్లు. టెలికాం కంపెనీలు తప్ప వేరెవరూ వీటిని కొనడం, అమ్మడం, బిగించడం చట్టవిరుద్ధమని టెలికాం శాఖ 2022లో ప్రజలకు స్పష్టంగా చెప్పింది. చట్టం సంగతి పక్కన పెట్టినా, డాబా ఇంట్లో అది సరిగా పనిచేయడం కష్టం. పైన పెట్టిన యాంటెన్నాకూ గదిలో యాంటెన్నాకూ మధ్య ఎడబాటు, అంటే ఒకదాని సిగ్నల్ రెండోదాన్ని చేరేలోపు తగ్గే మేర, బూస్టర్ పెంచే బలం కంటే కనీసం 15 డీబీ (డెసిబెల్) ఎక్కువ ఉండాలి. 60, 70 డీబీ పెంచే డబ్బాకు ఒక్క అంతస్తు స్లాబుతో ఆ ఎడబాటు దొరకడం కష్టం. పెళ్లి పందిట్లో మైకును స్పీకరు ముందుకు తెస్తే కీచుమన్నట్టు, తన సిగ్నల్ తానే వింటూ టవర్ మీదికి రొద పోస్తుంది. ఆ రొదలో చుట్టుపక్కల ఫోన్ల మాట టవర్‌కు వినబడదు. గీతలన్నీ నిండుగా ఉంటాయి, కాల్ మాత్రం తెగిపోతుంది. బ్రాడ్‌బ్యాండ్ మారగానే ఫోన్ మూగబోయిందంటే బూస్టర్‌కు సంబంధమే లేదని గుర్తుంచుకోవాలి, అది ఇంటర్నెట్ మీద నడవదు. విదేశాల నుంచి తెచ్చే ఫెమ్టోసెల్ (ఇంట్లో చిన్న టవర్‌లా పనిచేసే) డబ్బా బ్రాడ్‌బ్యాండ్ మీదే నడుస్తుంది గానీ, దాని కంపెనీ సర్వర్ అక్కడ ఉంటుంది. ఇక్కడి సిమ్‌కు అది పనికిరాదు, అనుమతి లేకుండా తరంగాలు వదలడం మాత్రం నేరమే.

తుఫాను సీజన్ ఉన్న ప్రాంతం కాబట్టి కరెంటు సంగతీ చూసుకోవాలి. కరెంటు పోతే డబ్బా ఆగుతుంది, దాంతో ఫోనూ. డబ్బా అడాప్టర్ మీద 12 వోల్టులు, 1 లేదా 2 ఆంపియర్లు అని రాసి ఉంటుంది. అదే వోల్టేజీ, అంతకు తగ్గని ఆంపియర్లు ఉన్న చిన్న యూపీఎస్ పెట్టుకోవచ్చు, లేదా ఇన్వర్టర్ లైన్‌కు మార్చుకోవచ్చు. జీపాన్ రకం ఫైబర్ లైనులో కంపెనీ ఆఫీసుకూ ఇంటికీ మధ్య కరెంటు అక్కర్లేదు. స్తంభాల మీద స్విచ్‌లు పెట్టి లైను లాగే ఆపరేటర్ అయితే ప్రతి స్విచ్‌కూ కరెంటు ఉండాలి. కొత్త కనెక్షన్ తీసుకునే ముందు అడగాల్సిన మొదటి ప్రశ్న ఇది. వైఫై మీద అత్యవసర నంబరు 112కు కాల్ కలిసినా మీరెక్కడున్నారో టవర్‌ను బట్టి కనిపెట్టే వీలుండదు, ఊరూ వీధీ నోటితో చెప్పాలి.

పని జరగకపోతే కంపెనీ కస్టమర్ కేర్‌లో ఫిర్యాదు నమోదు చేసి డాకెట్ నంబర్ తీసుకోవాలి. మొబైల్ కంపెనీల ఫిర్యాదులకు 198 ఉంది. తేలకపోతే అదే కంపెనీలోని అప్పీలు అధికారికి, అప్పటికీ కాకపోతే టెలికాం శాఖ ఫిర్యాదుల పోర్టల్‌కు వెళ్లాలి. ట్రాయ్ వ్యక్తిగత ఫిర్యాదులు తీసుకోదు. “నెట్ రావట్లేదు” అని రాస్తే వేగం కొలిచి మూసేస్తారు, “వైఫై కాలింగ్ రిజిస్టర్ కావడం లేదు, యూడీపీ 500, 4500 పరీక్షించండి” అని రాయాలి.

ఇట్లు,
నెట్‌వర్క్ పనిలో ఉన్న కొందరు పాఠకులు,
అమలాపురం